18446744073709551615: తాతగారి నోట్‌బుక్‌లో పద్యం తప్పా, స్ప్రెడ్‌షీట్ తప్పా?

గట్టుమీద_చెట్టు
అందరికీ నమస్తే. మా తాతగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక పాత నోట్‌బుక్ దొరికింది, అందులో చదరంగం గళ్ళ లెక్క మీద ఒక పద్యం రాసుకున్నారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా 64 గళ్ళకూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలు అనే లెక్క అది. కింద "పావులూరి మల్లన" అని ఉంది. నాకు కనబడినంత వరకు ఇది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాగ్ని వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఆ తర్వాత నీళ్ళు పడి సిరా చెదిరిపోయింది. ఒక్కో మాటకీ ఒక్కో అంకె, కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోవాలి అని మార్జిన్‌లో రాశారు. అలాగే చేస్తే నాకు 18446743073709551615 వచ్చింది. సరి చూద్దామని స్ప్రెడ్‌షీట్‌లో 2^64-1 కొడితే 18446744073709600000 అని చూపిస్తోంది. మధ్యలో ఒక అంకె తేడా, చివర్లో అయిదారు అంకెలు తేడా. పద్యమే తప్పనుకోవాలా? రెండు రోజులుగా ఇదే టెన్షన్, దయచేసి ఎవరైనా చెప్పండి.

రాత్రిడ్యూటీ_కోడర్
చివరి అంకెల సంగతి నేను చెప్తాను అన్నా. అక్కడ తప్పు పద్యానిది కాదు, స్ప్రెడ్‌షీట్‌ది. అది సంఖ్యల్ని 53 బిట్ల కచ్చితత్వంతోనే దాచుకుంటుంది, చూపించేటప్పుడు 15 అంకెలు చూపించి మిగతా చోట్ల సున్నాలు పెట్టేస్తుంది. నీ జవాబు చివర అయిదు సున్నాలు ఉన్నాయి, అంటే సరి సంఖ్య. 2ను ఎన్నిసార్లు హెచ్చించినా సరి సంఖ్యే వస్తుంది, అందులోంచి 1 తీస్తే బేసి కావాలి కదా. అక్కడే దొరికిపోయింది. పైథాన్‌లో పూర్ణసంఖ్యలకి ఈ ఇబ్బంది లేదు, అందులో ఇప్పుడే వేసి చూశాను:

18446744073709551615

నీ పద్యం చివర 51615 కరెక్టే. మధ్యలో 8వ అంకె 3 కాదు, 4.

చాక్‌పీసు_మాస్టారు
కంప్యూటర్ లేకుండా కూడా ఇది చేయొచ్చు, పిల్లల చేత చేయించాను కూడా. 64 గళ్ళని ఒక్కొక్కటే రెట్టించుకుంటూ పోతే విసుగొస్తుంది. వర్గాలు చేసుకుంటూ పోండి: 2, 4, 16, 256, 65536, 4294967296. దాన్ని ఇంకొక్కసారి వర్గం చేస్తే 2^64, అంటే 18446744073709551616. మొత్తం ఆరే ఆరు వర్గాలు. పింగళుడు ఛందశ్శాస్త్రంలో వృత్తాల సంఖ్య తెలుసుకోవడానికి చెప్పిన పద్ధతి ఇదే, ఘాతం సరి అయితే సగం చేసి వర్గం, బేసి అయితే ఒకటి తీసేసి రెట్టింపు. 64 పూర్తిగా సగాలుగా విడిపోయే సంఖ్య కాబట్టి మధ్యలో రెట్టింపు అవసరమే రాదు.

ఇక అన్ని గళ్ళనీ ఎందుకు కూడాలి అని పిల్లలు అడుగుతారు. కూడక్కర్లేదు. 1+2+4 అంటే 7, అది 8 కన్నా ఒకటి తక్కువ. 1+2+4+8 అంటే 15, 16 కన్నా ఒకటి తక్కువ. 64 గళ్ళ మొత్తం, లేని 65వ గడిలో పడాల్సిన దానికన్నా ఒకటి తక్కువ. అంతే.

చంపకమాల
గట్టుమీద చెట్టు గారూ, ఆ పద్యం నాకు కంఠతా వచ్చు. రెండో పాదంలో అది "గగనాగ్ని" కాదండీ, "గగనాబ్ధి". అబ్ధి అంటే సముద్రం, నాలుగు. పై పాదం చివర "నగాగ్ని" ఉంది కదా, రాసుకునేటప్పుడు కన్ను అక్కడికి పోయి ఉంటుంది. చూసి రాసేవాళ్ళకి ఇది మామూలే.

మిగతావాళ్ళ కోసం మాటలు విప్పుతాను. శరం, సాయకం రెండూ బాణాలే, మన్మథుడివి అయిదు. శశి, చంద్రుడు, తుహినాంశుడు ఒక్కడే. షట్కం ఆరు. రంధ్రాలు తొమ్మిది, మన ఒంటికి ఉన్నవే. వియత్తు, గగనం ఆకాశం, సున్న. నగం, భూధరం, గిరి కొండలు, కులపర్వతాలు ఏడు. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, తర్కాలు ఆరు. పయోనిధి మళ్ళీ సముద్రమే. పద్మజాస్యాలు బ్రహ్మ ముఖాలు, నాలుగు. కుంజరాలు దిగ్గజాలు, ఎనిమిది. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకి రాసుకుంటూ పోవాలి.

ఇరవై అంకెల్ని చంపకమాలలో ఇమడ్చడం మాటలు కాదు. మొదటి పాదంలో యతి "శ"కి "సా", రెండో పాదంలో "ధ"కి "త", ప్రాస అంతా "ర". కొండకి మూడు పేర్లు, చంద్రుడికి మూడు పేర్లు వాడటం గొప్ప కోసం కాదు, గణం కుదరడానికీ యతి పడటానికీ. నాకు ఈ పద్యం చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది, నిజంగా.

గట్టుమీద_చెట్టు
చాలా థ్యాంక్స్ మేడం. కానీ ఒక అనుమానం. నేను "గగనాగ్ని" అని పైకి చదివినప్పుడు ఎక్కడా తడబడలేదు. "గగనాబ్ధి" అన్నా అదే నడక. పద్యం కుదిరింది కాబట్టి పాఠం సరైనదే అనుకున్నాను నేను. అలాంటప్పుడు కంప్యూటర్ లేని రోజుల్లో, అచ్చు పుస్తకం కూడా లేని రోజుల్లో, ఇలా ఒక మాట మారిపోతే ఎలా పట్టుకునేవాళ్ళు?

చంపకమాల
నిజమేనండీ, ఛందస్సు దీన్ని పట్టుకోలేదు. రెండింటికీ గురులఘువులు ఒకటే, ఆ చోట యతి లేదు, ప్రాస లేదు. అర్థం కూడా అడ్డు రాదు, రెండూ అంకెల పేర్లే. మామూలు పద్యంలో అయితే అన్వయం చెడిపోయి దొరికిపోయేది. లెక్కలవాళ్ళే చెప్పాలి.

సున్న_తర్వాత
లెక్క పట్టుకుంటుంది, ఈ సంఖ్య గుణకాలు చూస్తే తెలుస్తుంది. నేను డిగ్రీ కాలేజీలో పాఠం చెప్తాను, ఈ సంఖ్య అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

2^64 − 1 అనేది రెండు వర్గాల తేడా. కాబట్టి (2^32 + 1) × (2^32 − 1). రెండోది మళ్ళీ వర్గాల తేడానే: (2^16 + 1) × (2^16 − 1). ఇలా కిందికి దిగుతూ పోతే:

4294967297 × 65537 × 257 × 17 × 5 × 3

64 స్థానంలో 2 ఘాతం కాని సంఖ్య ఉంటే ఇంత అందంగా మెట్లుమెట్లుగా విడిపోదు, 64 కూడా 2 ఘాతమే కాబట్టి ఇలా జరిగింది. ఈ ఆరు గుణకాలూ ఫెర్మా సంఖ్యలు, అంటే మాస్టారు రాసిన 2, 4, 16, 256 వరుసలోని వాటికి ఒకటేసి కలిపితే వచ్చేవి. 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు. ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయ్యుంటాయని ఫెర్మా 1640 ప్రాంతంలో నమ్మాడు. 1732లో ఆయిలర్ ఆ తర్వాతి సంఖ్యనే విడగొట్టి చూపించాడు: 4294967297 = 641 × 6700417. కాబట్టి మన చదరంగం సంఖ్యకి ప్రధాన గుణకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండోసారి రాదు. ఒక్కొక్క దాన్నీ తీసుకోవచ్చు లేదా వదిలేయొచ్చు కాబట్టి మొత్తం భాజకాలు 2^7, అంటే 128.

ఇప్పుడు నోట్‌బుక్ సంగతి. సరైన సంఖ్య 3తో భాగింపబడాలి. సరైన దాంట్లో అంకెల మొత్తం 87, సరిపోయింది. మీ నోట్‌బుక్ సంఖ్యలో మొత్తం 86. 3తో పోదు. ఒక్క నిమిషంలో తప్పు బయటపడింది.

రాత్రిడ్యూటీ_కోడర్
సార్, కానీ అబ్ధి బదులు ఏ "గిరి"యో పడి 4 కాస్తా 7 అయితే? మొత్తం 90 అవుతుంది, 3తో నిక్షేపంగా పోతుంది.

సున్న_తర్వాత
మంచి ప్రశ్న. అప్పుడు 17 దగ్గరికి వెళ్ళాలి. ఎక్కడైనా ఒక్క అంకె మారితే, తేడా 1 నుంచి 9 లోపు అంకె పక్కన కొన్ని సున్నాలు. అలాంటి సంఖ్య 17తో ఎప్పుడూ భాగింపబడదు. పక్కపక్క అంకెలు తారుమారైనా తేడా 9 రెట్లలో వస్తుంది, అది కూడా 17తో పోదు. అంటే ఒక్క అంకె మారినా, పక్కపక్క రెండు తారుమారైనా 17 తప్పకుండా పట్టుకుంటుంది.

17తో ఇరవై అంకెల్ని భాగించడం కష్టం అనుకోకండి. 100000001 అనే సంఖ్య 17తో భాగింపబడుతుంది (17 × 5882353). అందుకని సంఖ్యని కుడి నుంచి ఎనిమిదేసి అంకెల ముక్కలు చేసి, ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే చాలు.

1844 | 67440737 | 09551615

9551615 − 67440737 + 1844 = −57887278. దీన్ని 17తో భాగిస్తే కచ్చితంగా 3405134 సార్లు పోతుంది. నోట్‌బుక్ సంఖ్యకి అదే చేస్తే −57877278 వస్తుంది, గుర్తు వదిలేసి 17తో భాగిస్తే 13 మిగులుతుంది. తప్పు ఎక్కడుందో ఇది చెప్పదు, ఉందని మాత్రం చెప్తుంది. ఎక్కడో తెలియాలంటే మాస్టారు చెప్పినట్టు మళ్ళీ వర్గాలు చేసుకోవడమే.

గట్టుమీద_చెట్టు
కాగితం మీద చేశాను సార్, వచ్చింది! 3405134 చూసేసరికి చెప్పలేనంత సంతోషం వేసింది. తాతగారు ఉంటే ఆయనకి చూపించేవాణ్ణి.

ఇంటర్_సెకండియర్
సార్ నాది చిన్న డౌట్. 4294967297ని 641 భాగిస్తుందని ఆయిలర్‌కి ఎలా తట్టింది? 3 నుంచి మొదలుపెట్టి అన్నిటితో భాగించుకుంటూ వచ్చాడా?

సున్న_తర్వాత
లేదమ్మా. ఈ సంఖ్యకి ప్రధాన గుణకం అంటూ ఉంటే అది 64 రెట్ల మీద ఒకటి ఎక్కువగానే ఉండాలని ఆయన తేల్చాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే దొరికింది. తర్వాత 1878లో ల్యూకా దాన్ని ఇంకా బిగించాడు, 128 రెట్ల మీద ఒకటి అని. అప్పుడు 129, 257, 385, 513, 641 వస్తాయి. 129ని 3 భాగిస్తుంది, 385ని 5, 513ని మళ్ళీ 3. 257 గుణకం కాలేదు, ఎందుకంటే అది 4294967295ని భాగిస్తుంది, రెండు తేడా ఉన్న సంఖ్యలు రెంటినీ భాగించాలంటే 2ని కూడా భాగించాలి. అంటే మిగిలిన మొట్టమొదటిదే 641.

భాగహారం చేయకుండా రుజువు చేయాలంటే ఇలా. 641 = 5 × 2^7 + 1. అదే 641 = 5^4 + 2^4 కూడా. 641తో భాగిస్తే మిగిలే శేషాలే చూడు. 5 × 2^7 కి శేషం −1. దాని నాలుగో ఘాతం 5^4 × 2^28, శేషం 1. కానీ 5^4 అంటే 625, దాని శేషం −2^4. ఆ స్థానంలో పెట్టు: −2^32 కి శేషం 1. కాబట్టి 2^32 + 1 కి శేషం సున్న. పెన్ను పెట్టి నువ్వే ఒకసారి రాసి చూడు, చదివితే కన్నా రాస్తేనే పడుతుంది.

ఇంటర్_సెకండియర్
రాశాను సార్, మూడోసారికి అర్థమైంది. 641ని రెండు రకాలుగా రాయడంలోనే అంతా ఉంది!

పొలంగట్టు_రాజు
లెక్కలు నాకు అంతగా రావు గానీ వడ్ల సంగతి తెలుసు. బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములు అనుకుంటే ఇది ఎన్ని టన్నులు అవుతుంది?

రాత్రిడ్యూటీ_కోడర్
దాదాపు 36,900 కోట్ల టన్నులు బాబాయ్. ఈమధ్య ప్రపంచం మొత్తం ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు, కాబట్టి ఇప్పటి లెక్కన దగ్గర దగ్గర 700 ఏళ్ళ పంట. సెకనుకి ఒక గింజ చొప్పున లెక్కపెడితే 58,000 కోట్ల ఏళ్ళు పైనే, విశ్వం వయసుకి 40 రెట్ల పైమాట. ఇంకో సంగతి, 1883లో ల్యూకా (పైన సార్ చెప్పిన ఆయనే) ఒక ఆట తెచ్చాడు, మూడు కడ్డీలు, పళ్ళేలు. దానితో పాటు కాశీలో 64 బంగారు పళ్ళేలు మార్చే పూజారుల కథ ప్రచారమైంది. అందులో కావాల్సిన కదలికలు కూడా సరిగ్గా ఇదే సంఖ్య.

మనఘనత
ఇప్పటి కంప్యూటర్లలో 64 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య కూడా ఇదే కదండీ. అంటే మనవాళ్ళకి వెయ్యేళ్ళ క్రితమే 64 బిట్ల కంప్యూటర్ సూత్రం తెలుసన్నమాట. దీన్ని ఎవరూ బయటికి చెప్పరు.

చాక్‌పీసు_మాస్టారు
అలా అనకండి, అది మల్లనకి గౌరవం కాదు. చదరంగానికి 64 గళ్ళు, 2 ఘాతాలు రెట్టింపుతో వస్తాయి, కంప్యూటర్‌లో బిట్ కూడా రెండు స్థితులే, 64 కూడా 2 ఘాతమే కాబట్టి రెండూ ఒకే చోట కలిశాయి. అంతకుమించి కలపకూడదు. ఈ సంఖ్యని లెక్కకట్టింది మనవాళ్ళు మాత్రమే కూడా కాదు, సుమారు 1000వ సంవత్సరంలో అల్ బిరూనీ కూడా కచ్చితంగా కట్టాడు.

మల్లన చేసింది ఏమిటో అదే చెప్పుకుందాం, అది చాలు. సాహిత్య చరిత్రల్లో ఆయన్ని 11వ శతాబ్దం వాడని, రాజరాజ నరేంద్రుడి కాలం వాడని రాస్తారు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని ఆయన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ భారతం మొదలుపెట్టిన రోజుల్లోనే ఒకాయన కూర్చుని లెక్కల్ని తెలుగులో చెప్పాలనుకున్నాడు. బళ్ళో పిల్లలకి తెలుగులో లెక్కలు చెప్తూ ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణి, నాకు అది ఎంత పెద్ద సంగతో తెలుసు.

మనఘనత
సరే మాస్టారూ, ఒప్పుకుంటాను. అల్ బిరూనీ సంగతి నాకు తెలియదు.

చంపకమాల
మహావీరాచార్యుడి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆయన స్థానాలకి 24 పేర్లు చెప్పాడు, ఏకం నుంచి మహాక్షోభం దాకా. 20వ స్థానం మహాశంఖం. అంటే మన సంఖ్యని ఒక మహాశంఖం, ఎనిమిది శంఖాలు... అని మొదలుపెట్టి చదవొచ్చు. ఇప్పుడు మనం "1 లక్షా 84 వేల 467 కోటి కోట్ల" అని తడుముకుంటూ చదువుతున్నాం, ఆ పేర్లు ఉంచుకుంటే బాగుండేది.

ఇంకోటి, ఛందస్సులో కూడా ఇదే రెట్టింపు లెక్క. పాదానికి 21 అక్షరాలుండే వృత్తాలు 2^21, అంటే 2097152. వాటి వరుసలో చంపకమాల 711600వది. లఘువుకి 1, గురువుకి 0 వేసి, మొదటి అక్షరం విలువ 1, రెండోదాని విలువ 2, మూడోదాని విలువ 4 అనుకుంటూ కూడి, చివర ఒకటి కలిపితే వస్తుంది. చదరంగం గళ్ళలో గింజలు వేసిన పద్ధతే కదండీ ఇది! లఘువు ఉన్న గడిలో గింజలు ఉంచి, గురువు ఉన్న గడి ఖాళీ చేయడం.

రాత్రిడ్యూటీ_కోడర్
మేడం, చదరంగం ఆడే ప్రోగ్రాములు అచ్చం ఇదే చేస్తాయి! బోర్డుని ఒక 64 బిట్ల సంఖ్యగా దాస్తాయి, పావు ఉన్న గడికి 1, ఖాళీ గడికి 0. అన్ని గళ్ళూ నిండితే వచ్చే సంఖ్య 18446744073709551615. నేను రాసిన చిన్న ప్రోగ్రాములో ఈ సంఖ్యని ఎన్నిసార్లు చూశానో, ఇంత వెనక నుంచి వస్తోందని ఇవాళే తెలిసింది.

సున్న_తర్వాత
ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 641ని, 6700417ని పక్కన పెడితే మిగిలిన అయిదు గుణకాల లబ్ధం 4294967295. దీని భాజకాలు 32. ఒకటిని వదిలేస్తే 31: 3, 5, 15, 17, 51, 85, 255, 257... ఇలా. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయగలిగిన బేసి భుజాల క్రమ బహుభుజులు ఇప్పటిదాకా తెలిసినవి ఈ 31 మాత్రమే. 17 భుజాలది గీయొచ్చని 1796లో గౌస్ కనుక్కున్నాడు, అప్పటికి ఇంకా 19 ఏళ్ళు నిండలేదు. ఇవి తప్ప వేరేవి కుదరవని తేలడానికి వాన్‌ట్సెల్ రుజువు 1837లో వచ్చింది. 641 భుజాలది గీయలేం, ఒకటి తీసేస్తే 640, అందులో 5 ఉంది, 2 ఘాతం కాదు. కొత్త ఫెర్మా ప్రధాన సంఖ్య దొరికితే ఈ 31 పెరుగుతుంది గానీ, 65537 తర్వాత ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

గట్టుమీద_చెట్టు
నోట్‌బుక్‌లో "గగనాగ్ని" పక్కన పెన్సిల్‌తో "అబ్ధి, 4" అని రాసి, కింద మూడు ముక్కల లెక్క కూడా రాశాను. తాతగారి అక్షరాల్ని కొట్టేయలేదు. చంపకమాల మేడం, చెదిరిపోయిన చివరి పాదం మీకు వీలైనప్పుడు మెసేజ్‌లో పంపండి, అది కూడా రాసి పెడతాను.

ఇంటర్_సెకండియర్
లాస్ట్ డౌట్ సార్. ఒకటి తీసేస్తే ఇంత బాగా విడిపోయింది కదా, ఒకటి కలిపితే? 18446744073709551617?

సున్న_తర్వాత
అది తర్వాతి ఫెర్మా సంఖ్య, దానికి ఈ మెట్లు లేవు. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన 82 ఏళ్ళ వయసులో దాన్ని విడగొట్టాడు: 274177 × 67280421310721. ఇందులో మొదటిది 256 రెట్ల మీద ఒకటి ఎక్కువ, 256 × 1071 + 1. కాగితం తీసి సరి చూసుకో, ఏమొచ్చిందో ఇక్కడ రాయి.